ఎటు తెరుచుకోవాలో ఆ తలుపుకే తెలియదు

మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లలెవరినైనా నెదర్ పోర్టల్ అంటే ఏమిటని అడగండి. "ఇక్కడ నిలబడితే అక్కడ తేలతాం" అంటారు. ఈ లోకంలో ఒక గేటు, ఆ లోకంలో ఒక గేటు, రెండింటినీ కలుపుతూ కంటికి కనబడని సొరంగం. పిల్లల బుర్రలోనే కాదు, ఏళ్ళ తరబడి ఆడుతున్న పెద్దవాళ్ళ బుర్రలోనూ ఉండే బొమ్మ ఇదే. ఆట కూడా ఈ నమ్మకాన్ని చాలాకాలం చెడగొట్టదు. పొద్దున వెళ్ళిన చోటికే సాయంత్రమూ వెళ్తాం, వచ్చిన దారినే వెనక్కి వస్తాం. తర్వాత గని పక్కన ఇంకో గేటు కట్టుకుంటాం. గనిలోంచి నెదర్‌లోకి వెళ్ళి, వెనక్కి తిరిగి అదే గేటులో అడుగుపెడితే ఇంటి ముందు తేలతాం. అప్పుడు ఆటను తిట్టుకుంటాం.

ఆట తప్పేమీ లేదు. రెండు గేట్లను కలిపే సొరంగం దాని లోపల ఎక్కడా లేదు. ఏ గేటు దగ్గరా రెండో గేటు చిరునామా రాసి ఉండదు. మనం అడుగుపెట్టిన ప్రతిసారీ ఆట ఒక లెక్క వేసుకుని, అవతలి లోకంలో వెతికి, దొరికిన గేటు దగ్గర మనల్ని దింపుతుంది. మనం "జత" అనుకునేది ఆ లెక్కకు వచ్చిన జవాబు మాత్రమే. లెక్కలోకి వచ్చే అంకెలు మారితే జవాబూ మారుతుంది. పోర్టళ్ళ చిత్రాలూ చికాకులూ అన్నీ ఈ ఒక్క సంగతిలోంచే పుడతాయి.

స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో ఈ ఆట తొలి రూపాన్ని జనం ముందు పెట్టాడు. అప్పట్లో దిమ్మెలతో కట్టిన లోకం ఒక్కటే ఉండేది. 2010 అక్టోబరు చివర్లో వచ్చిన హాలోవీన్ అప్‌డేట్‌తో రెండోది చేరింది. అదే నెదర్. ఎర్రటి రాయి, లావా సముద్రాలు, నెత్తిన పగలగొట్టలేని రాతికప్పు. సూర్యుడు ఉండడు. దిక్సూచి ముల్లు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరుగుతుంది. బకెట్లో తెచ్చిన నీళ్ళు ఒంపగానే ఆవిరైపోతాయి. మంచం వేసుకుని పడుకోబోతే అది బాంబులా పేలుతుంది. మామూలు లోకానికి ఆటగాళ్ళ వాడుకలో ఓవర్‌వరల్డ్ అని పేరు.

ఈ రెంటి మధ్య రాకపోకలకు కావలసింది అబ్సిడియన్ చట్రం. ఆటలో నిలవున్న లావా మీదికి నీళ్ళు పారితే అబ్సిడియన్ తయారవుతుంది. నిజ ప్రపంచంలోనూ అది లావా వేగంగా చల్లారినప్పుడు ఏర్పడే గాజురాయే. దాన్ని తవ్వి తీసుకోవడానికి కనీసం డైమండ్ పికాక్స్ ఉండాలి. అది ఉన్నా ఒక్కో దిమ్మెకు తొమ్మిది సెకన్లకు పైగా పడుతుంది. చట్రం బయటి కొలత కనీసం 4 దిమ్మెల వెడల్పు, 5 దిమ్మెల ఎత్తు. నాలుగు మూలలూ పూరిస్తే 14 దిమ్మెలు, పిసినారితనంగా మూలలు వదిలేస్తే 10. పెద్దది కావాలంటే 23 x 23 దాకా కట్టుకోవచ్చు. చెకుముకితో నిప్పంటిస్తే చట్రం నిండా ఊదారంగు తెర పరుచుకుంటుంది. ఆ తెరలో నాలుగు సెకన్లు నిలబడాలి. ఆట గడియారం సెకనుకు 20 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆట భాషలో అది 80 టిక్కులు.

ఎనభయ్యో టిక్కు దగ్గర మొదలవుతుంది అసలు కథ. ఇక్కడ చెప్పే అంకెలు కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్‌వి. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో కొన్ని వివరాలు వేరు.

ఆటలో ప్రతి చోటుకూ మూడు అంకెలుంటాయి. తూర్పు పడమరలకు ఎక్స్, ఉత్తర దక్షిణాలకు జడ్, ఎత్తుకు వై. ఓవర్‌వరల్డ్ నుంచి నెదర్‌కు వెళ్తుంటే ఎక్స్‌నూ జడ్‌నూ ఎనిమిదితో భాగిస్తారు. వెనక్కి వస్తుంటే ఎనిమిదితో హెచ్చిస్తారు. ఎత్తును మాత్రం ముట్టుకోరు, ఉన్నది ఉన్నట్టే ఉంచుతారు. ఈ చివరి వాక్యాన్ని చాలామంది చదివి మర్చిపోతారు. తర్వాత దానితోనే దెబ్బ తింటారు.

లెక్క తేలిన చోటిని నడిమధ్య పెట్టుకుని ఆట చుట్టూ వెతుకుతుంది. వెళ్ళేది నెదర్‌కైతే నాలుగు దిక్కులా 16 బ్లాకుల (అంటే దిమ్మెల) మేర, ఓవర్‌వరల్డ్‌కైతే 128 బ్లాకుల మేర చతురస్రంలో, అడుగు నుంచి పైదాకా. పదహారు ఎనిమిదుల నూట ఇరవై ఎనిమిది. అంటే రెండు వైపులా వెతికేది ఒకే విస్తీర్ణం, కొలబద్దే వేరు. ఆ మేరలో వెలుగుతున్న పోర్టళ్ళు ఎన్ని ఉన్నా, ఎత్తును కూడా కలుపుకుని సరళరేఖలో ఏది దగ్గరో చూస్తుంది. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే, మూడు దిశలకు. దగ్గరిది దొరికితే అక్కడ దింపుతుంది. కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడు ఎదురైన మనిషిని "ఇక్కడికి దగ్గర్లో టీ కొట్టెక్కడండీ" అని అడిగినట్టన్నమాట. నిన్న తాగిన కొట్టే కావాలని ఆట పట్టుబట్టదు. దానికి నిన్న అనేదే గుర్తుండదు.

ఒక్కటీ దొరక్కపోతే ఆటే కొత్త గేటు కట్టేస్తుంది. చుట్టుపక్కల 16 బ్లాకుల్లో గట్టి నేల, పైన ఖాళీ ఉన్న చోటు చూస్తుంది. ముందు విశాలమైన జాగా కోసం, అది లేకపోతే ఇరుకైన జాగా కోసం. ఏదీ కుదరకపోతే కనీసం 70వ మట్టంలో (అంటే వై 70 దగ్గర), గాలిలోనో రాతి మధ్యనో తనే చోటు చేసుకుని, కాళ్ళ కింద ఆరు అబ్సిడియన్ దిమ్మెల అరుగు పరిచి నిలబెడుతుంది. కింద లావా సలసల కాగుతుండగా ఆ చిన్న అరుగు మీద కళ్ళు తెరిచిన ఆటగాళ్ళకు దాని విలువ తెలుసు.

ఎనిమిదితో భాగించడం వల్ల వచ్చే లాభం ప్రయాణంలో ఉంది. నెదర్‌లో ఒక్క అడుగు ఓవర్‌వరల్డ్‌లో ఎనిమిది అడుగులతో సమానం. ఆటలో బ్లాకు అంటే మీటరు. పరుగు వేగం సెకనుకు సుమారు 5.6 మీటర్లు. 8,000 బ్లాకుల దూరంలోని ఊరికి నేల మీద పరిగెత్తితే 24 నిమిషాలు. నెదర్‌లో దిగి 1,000 బ్లాకులు పరిగెత్తి మళ్ళీ పైకి తేలితే మూడు నిమిషాలే. సర్వర్లలో పదిమంది కలిసి ఆడేవాళ్ళు అంతటితో ఆగరు. నెదర్‌లో సొరంగం తవ్వి, అడుగున నీలి మంచు దిమ్మెలు పరిచి, వాటి మీద పడవ నడుపుతారు. అక్కడ నీళ్ళు నిలవకపోయినా నీలి మంచు కరగదు. ఆ పడవ సెకనుకు 72 మీటర్లకు పైగా జారుతుంది. ఎనిమిదితో హెచ్చిస్తే నేల మీద సెకనుకు 580 మీటర్ల చిల్లర. గాలిలో ధ్వని పోయేది 343 మీటర్లే. ఓవర్‌వరల్డ్ నడిమధ్య నుంచి సరిహద్దుకు సుమారు మూడు కోట్ల బ్లాకులు. నెదర్ దారిన 37 లక్షల 50 వేలు.

ఇక గని దగ్గరి గేటు సంగతికి వద్దాం. ఇంటి పోర్టల్ ఎక్స్ 200, జడ్ 400 దగ్గర ఉందనుకోండి. నెదర్‌లో దాని చోటు 25, 50. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆట సరిగ్గా అక్కడే గేటు కట్టిందనుకుందాం. కొన్నాళ్ళకు గని పక్కన, ఎక్స్ 280, జడ్ 400 దగ్గర రెండో పోర్టల్ వెలిగించారు. దాని లెక్క 35, 50. ఆట అక్కడ నిలబడి చుట్టూ పదహారు బ్లాకులు చూస్తుంది. పది బ్లాకుల దూరంలో ఇంటి తాలూకు నెదర్ గేటు కనబడుతుంది. ఇంకేం, కొత్తది కట్టే పనే లేదు. గనిలో దూరినవాడు ఇంటి గేటు దగ్గర తేలాడు. ఇప్పుడు వెనక్కి తిరిగాడు. 25ను ఎనిమిదితో హెచ్చిస్తే 200. అక్కడ ఇంటి పోర్టల్ సిద్ధంగా ఉంది, దూరం సున్నా. ఎనభై బ్లాకుల అవతలున్న గని పోర్టల్‌ను ఎవరు అడుగుతారు?

వెళ్ళే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి. గణితంలో దీన్ని సౌష్ఠవం లేని సంబంధం అంటారు. నాకు దగ్గరివాడు నువ్వే అయినంత మాత్రాన నీకు దగ్గరివాడిని నేనే కానక్కర్లేదు, నీ పక్కన ఇంకొకడు ఉండవచ్చు. "దగ్గరిది ఏది" అన్న ప్రశ్న మీద నడిచే ఏ ఏర్పాటులోనైనా ఈ గుణం తప్పదు.

దీనికి మందు తేలికే. నెదర్‌లో 35, 50 దగ్గర మన చేత్తో మనమే గేటు కట్టుకోవాలి. గని నుంచి వచ్చేవాడికి అది సున్నా దూరంలో ఉంటుంది. వెనక్కి వెళ్ళేవాడికి 280 దగ్గర గని పోర్టల్ సున్నా దూరంలో ఉంటుంది. రుణాంకాల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. ఆట భిన్నాన్ని ఎప్పుడూ కింది అంకెకే దించుతుంది. -100ను భాగిస్తే వచ్చే -12.5 కాస్తా -13వ బ్లాకు అవుతుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. ఇది తెలిసినవాళ్ళు కూడా పడే గుంట ఎత్తు దగ్గరుంది. రెండు పోర్టళ్ళు తీసుకుందాం, రెండూ ఓవర్‌వరల్డ్‌లో 64వ మట్టంలో. మొదటిది ఎక్స్ 0 దగ్గర, రెండోది ఎక్స్ 80 దగ్గర, జడ్ రెంటికీ ఒకటే. నెదర్‌లో లెక్క ప్రకారం ఎక్స్ 0 దగ్గర ఒకటి, ఎక్స్ 10 దగ్గర ఒకటి చేత్తో కట్టారు. భాగాహారంలో పొరపాటు లేదు. కాకపోతే నేల వాటం చూసుకుని, మొదటి దాని జోడును 100వ మట్టంలో, రెండోదాని జోడును 64వ మట్టంలో పెట్టారు. ఇప్పుడు మొదటి పోర్టల్‌లో దూరితే ఆట నెదర్‌లో ఎక్స్ 0, మట్టం 64 దగ్గర నిలబడి చూస్తుంది. సొంత జోడు నెత్తి మీద 36 బ్లాకుల ఎత్తున ఉంది. పక్కవాడి జోడు 10 బ్లాకుల దూరంలో ఉంది. పక్కవాడిదే దగ్గర. అక్కడ దిగి వెనక్కి తిరిగితే పక్కవాడి ఇంట్లోనే తేలతాం.

కారణం ఏమిటంటే, అడ్డదూరాలు ఎనిమిదో వంతుకు కుంచించుకుపోతాయి గానీ ఎత్తులు కుంచించుకుపోవు. ఓవర్‌వరల్డ్‌లో 80 బ్లాకుల ఎడం నెదర్‌లో 10 అవుతుంది. 36 బ్లాకుల ఎత్తు మాత్రం 36గానే ఉంటుంది. నెదర్‌లో వెతికేటప్పుడు ఎత్తుకు ఎనిమిది రెట్ల బరువు వచ్చి పడుతుంది. అన్ని దిశల్లోనూ ఒకేలా చిన్నదైన పటం కాదిది. అడ్డంగా నొక్కేసి నిలువుగా వదిలేసిన పటం.

ఇదే గుణాన్ని తెలివైనవాళ్ళు తమకు అనువుగా మార్చుకున్నారు. కొండకొమ్మున 200వ మట్టంలో ఇల్లు, సరిగ్గా దాని కింద పాతాళంలో -50వ మట్టంలో గని. ఎక్స్, జడ్ రెంటికీ ఒకటే. నెదర్‌లోనూ ఒకదాని నెత్తిన ఒకటి, 110వ మట్టంలో ఒక గేటు, 20వ మట్టంలో ఒక గేటు కడతారు. ఇంటివాడికి 110 దగ్గర, గనివాడికి 20 దగ్గర. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. రెండు జతలూ ఒకే నిలువు గీత మీద ఉండి కూడా ఒకదానితో ఒకటి కలగాపులగం కావు.

మరో తమాషా ఉంది. లెక్క మొదలయ్యేది పోర్టల్ నడిమధ్య నుంచి కాదు, అందులో నిలబడినవాడి అడుగుల కింది నుంచి. బాగా వెడల్పైన పోర్టల్ ఎక్స్ 100 నుంచి 120 దాకా పరుచుకుని ఉందనుకుందాం. నెదర్‌లో ఎక్స్ 10 దగ్గర ఒక గేటు, 17 దగ్గర ఒక గేటు ఉన్నాయి. ఎడమ కొసన దూరినవాడి లెక్క 12.5, వాడు మొదటి గేటులో తేలతాడు. కుడి కొసన దూరినవాడి లెక్క 15, వాడు రెండో గేటులో తేలతాడు. ఒకే తలుపు, ఒకే క్షణం, చెయ్యీ చెయ్యీ పట్టుకుని దూకిన ఇద్దరు మిత్రులు రెండు చోట్ల! దీన్ని వాడుకుని వస్తువులను వేర్వేరు చోట్లకు పంపే యంత్రాలు కట్టినవాళ్ళున్నారు. వస్తువు గానీ జంతువు గానీ పోర్టల్ దాటితే అవతలి వైపు భూభాగం 15 సెకన్లపాటు మేలుకుని ఉంటుంది. ఒక వస్తువును అటూ ఇటూ ఆపకుండా తిప్పుతూ, మనం లేని చోట కూడా పొలాలనూ యంత్రాలనూ నడిపించే యుక్తి ఇందులోంచే వచ్చింది.

ఆట రాసినవాళ్ళకు తెలిసినా తెలియకపోయినా, "దగ్గరిది ఏది" అన్న ప్రశ్నకు గణితంలో పాత చరిత్ర ఉంది. ఒక మైదానంలో కొన్ని చుక్కలు పెట్టి, ప్రతి చోటునూ దానికి అతి దగ్గరి చుక్కకు అప్పగిస్తే మైదానం గళ్ళుగళ్ళుగా చీలిపోతుంది. గణితజ్ఞుడు గియోర్గి వొరొనాయ్ 1908లో ఈ విభజనను లోతుగా చర్చించడంతో వీటికి వొరొనాయ్ గళ్ళు అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు పుట్టకముందే ఈ ఆలోచనను పనిలో పెట్టినవాడు లండన్ వైద్యుడు జాన్ స్నో. 1854లో సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు చనిపోయినవాళ్ళ ఇళ్ళను పటంలో గుర్తించాడు. వీధుల వెంట నడిచి వెళ్తే బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపే దగ్గరయ్యే ఇళ్ళేవో చూడటానికి సరిహద్దు గీత గీశాడు. మరణాలు ఎక్కువగా ఆ గీతకు లోపలే ఉన్నాయి. మన పోర్టళ్ళ పరిస్థితీ అదే. నెదర్‌లోని ప్రతి గేటుకూ ఓవర్‌వరల్డ్‌లో ఒక ఏలుబడి ఉంటుంది. మీరు కట్టిన పోర్టల్ ఎవరి ఏలుబడిలో పడిందో వాళ్ళ దగ్గరికే వెళ్తుంది. కొత్త గేటు కట్టిన ప్రతిసారీ సరిహద్దులు జరుగుతాయి. నిన్నటిదాకా బాగున్న పక్కింటి పోర్టల్ ఇవాళ దారి తప్పిందంటే కారణం ఇదే.

భౌతికశాస్త్రజ్ఞులు ఊహించిన అడ్డదారి ఇలాంటిది కాదు. 1935లో ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్ తమ సమీకరణాల్లో చూసిన వంతెన స్థలకాలాల ఆకృతిలోనే భాగం. 1957లో చార్లెస్ మిస్నర్, జాన్ వీలర్ దానికి వర్మ్‌హోల్ అని పేరు పెట్టారు. దానికి రెండు మూతులుంటే ఆ రెండూ ఒకే వస్తువు తాలూకు కొసలు. మధ్యలో మూడోది పుట్టినంత మాత్రాన దారి మారదు. కాకపోతే ఐన్‌స్టీన్, రోజెన్‌ల వంతెన కాంతి కిరణం దాటేలోపే మూసుకుపోతుందని 1962లో ఫుల్లర్, వీలర్ తేల్చారు. పక్కా జతే, పనికిరాని జత. మైన్‌క్రాఫ్ట్‌లో జత పక్కా కాదు, దారి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

మరి ఆట రాసినవాళ్ళు ప్రతి గేటు దగ్గరా ఎదుటి గేటు చిరునామా రాసి పెట్టి ఉండవచ్చు కదా? రాయవచ్చు. కానీ ఈ ఆటలో ఏదీ స్థిరం కాదు. ఎవరైనా ఒక్క దిమ్మె పీకేస్తే గేటు ఆరిపోతుంది. నెదర్‌లో తిరిగే ఘాస్ట్ అనే రాకాసి నిప్పుబంతి విసిరినా తెర ఆరిపోతుంది. అప్పుడు రాసిపెట్టిన చిరునామా శిథిలం వైపు చూపిస్తుంది. చెరిపేసిన డేటా వైపు ఇంకా వేలు చూపుతూ ఉండే ఇలాంటి సూచికలతో ప్రోగ్రామర్లు రోజూ తలపట్టుకుంటారు. రాయకుండా అడుగుతూ పోతే ఈ బెడద లేదు. పాతది కూలితే పక్కది దొరుకుతుంది, పక్కదీ లేకపోతే కొత్తది లేస్తుంది. ఎవడూ రెండు లోకాల మధ్య ఇరుక్కుపోడు.

దానికి చెల్లించే మూల్యం వెతుకులాట. పాత వెర్షన్లలో నెదర్‌కు వెళ్ళేటప్పుడు కూడా 128 బ్లాకుల మేర వెతికేవారు. 257 వెడల్పు, 257 పొడవు, 128 ఎత్తు, మొత్తం 84 లక్షల పైచిలుకు దిమ్మెలను ఒక్కొక్కటిగా చూడాలి. ఓవర్‌వరల్డ్ ఎత్తు అప్పట్లో 256 కాబట్టి అటు వెళ్తే దానికి రెట్టింపు. అందుకే ఒకసారి దొరికిన జవాబును కాసేపు గుర్తుంచుకుని తర్వాత పారేసేవారు. తర్వాతి వెర్షన్లలో పోర్టల్ దిమ్మెలకు విడిగా ఒక పట్టిక పెట్టారు. దిమ్మెలన్నీ గాలించే పని తప్పి, పట్టిక తిరగేస్తే సరిపోతోంది. నెదర్‌లో మేరను 16కు కుదించడంతో, ఓవర్‌వరల్డ్‌లో వెయ్యి బ్లాకుల ఎడం ఉన్న పోర్టళ్ళు కూడా ఒకే గేటులో తేలే పాత చిక్కు తీరింది. ఇప్పుడు ఆ చిక్కు 128 బ్లాకుల లోపున్న వాటికే.

చిరునామా రాసిపెట్టే పద్ధతి కూడా ఇదే ఆటలో ఉంది, ఇంకో చోట. ఎండ్ అనే మూడో లోకంలో డ్రాగన్‌ను చంపితే ఎండ్ గేట్‌వే అనే చిన్న ద్వారం తెరుచుకుంటుంది. 2016లో వచ్చిన 1.9 వెర్షన్‌తో చేరింది ఇది. మొదటిసారి ఎవరైనా అందులోకి వెళ్ళినప్పుడు ఆట వెయ్యి బ్లాకుల అవతలి ద్వీపంలో ఒక చోటు వెతికి, ఆ అంకెలను గేట్‌వే దిమ్మె లోపలే రాసేస్తుంది. ఆ తర్వాత వెతుకులాట ఉండదు, ఎప్పుడు దూకినా అక్కడికే. ఇక అసలు ఎండ్ లోకంలోకి తీసుకెళ్ళే పోర్టల్‌కైతే వెతుకులాటా అక్కర్లేదు, రాతా అక్కర్లేదు. ఎక్కడ దూకినా ఎక్స్ 100, జడ్ 0 దగ్గరి అబ్సిడియన్ అరుగు మీదే దింపుతుంది.

ఈ రెండింటిలో ఏదీ మామూలు ఆటలో ఆటగాడు పగలగొట్టగలిగేది కాదు. పగలని చోట చిరునామా రాశారు. ఎవరైనా కట్టగల, ఎవరైనా కూల్చగల నెదర్ గేట్ల దగ్గర మాత్రం ప్రతిసారీ అడిగి తెలుసుకోమన్నారు. నా లెక్కలో ఇది మంచి తీర్పే. మీరు చెయ్యాల్సిందల్లా, కొత్త పోర్టల్ వెలిగించే ముందు ఎఫ్3 నొక్కి మూడు అంకెలూ రాసుకోవడం. ఎక్స్‌నూ జడ్‌నూ ఎనిమిదితో భాగించి, నెదర్ గేటును చేత్తో కట్టుకోండి. ఎత్తును మాత్రం భాగించకండి, దాన్ని ఉన్నదున్నట్టు వీలైనంత దగ్గరగా కలపండి.